చివరి మాత్ర దాకా

జూన్ 3

అత్తయ్యా,

ఈ ఉదయం బస్సులో నా పక్క సీట్లో ఒకావిడ మాత్రల పట్టీని పళ్ళతో చింపింది. ఒక మాత్ర నోట్లో వేసుకుని మిగిలిన పట్టీని సంచిలో పడేసుకుంది. చిరిగిన ముక్క నా చెప్పు పక్కన పడింది. వంగి తీసి చూస్తే బ్యాచి నంబరు, తేదీ ఆ ముక్క మీదే ఉన్నాయి. ఇక ఆ సంచిలోని మాత్రలు ఎప్పటివో, ఎక్కడివో ఆవిడకు కూడా తెలియదు. ముక్క తిరిగి ఇద్దామనుకున్నాను. ఏమని ఇవ్వాలో తేల్చుకునేలోపే ఆవిడ దిగిపోయింది.

నువ్వయితే ఊరుకునేదానివి కాదు. నీ కొట్లో కౌంటరు వెనక ఎత్తు పీట మీద కూర్చుని నేను చదువుకుంటుంటే నీ కత్తెర చప్పుడు వినిపిస్తూ ఉండేది. నంబరు లేని వైపు నుంచే కోయాలి. చివరికి ఒక్క మాత్ర మిగిలినా దాని మీద తేదీ ఉండాలి. ఎటు కోస్తే ఏమైందని ఎవరైనా విసుక్కుంటే, "ముందే తల కోసేస్తే మిగిలింది ఎవరో ఎలా చెప్పను నాయనా?" అనేదానివి. అప్పుడు నేను పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. అమ్మ ఆస్పత్రి డ్యూటీ ముగించుకుని వచ్చేదాకా ఆ పీటే నా ఇల్లు. బళ్ళో సిస్టర్లు ఇచ్చిన హోంవర్కు, స్పిరిట్ వాసన, కొత్త అట్టపెట్టెల వాసన. ఇప్పటికీ ఎక్కడైనా స్పిరిట్ వాసన వస్తే నాకు ఎక్కాలు గుర్తొస్తాయి.

ఒక చిన్న విషయం. నీలం గీత ఉన్న మూర్ఛ మాత్రల పెట్టెలు ఇప్పుడు నీ దగ్గర ఎన్ని ఉన్నాయి? ఈమధ్య ఎవరికైనా ఎక్కువ ఇచ్చావా? వేరే కొట్టుకి ఏమైనా పంపావా? వీలు చూసుకుని రాయి. ఊరికే అడుగుతున్నాను.

ఎత్తు పీట మీది
నీ మేనకోడలు


జూన్ 8

కోడలు పిల్లా,

ఊరికే అడుగుతున్నాను అనేవాళ్ళు ఎవరూ ఊరికే అడగరు. ముప్ఫై ఏళ్ళు కౌంటరు దగ్గర నిలబడి నేర్చుకున్నది అదొక్కటే. 'మా ఫ్రెండు కోసమండీ' అంటూ వచ్చి, మందు పేరు చెప్పేటప్పుడు నేల చూపులు చూసేవాళ్ళు నాకు బాగా తెలుసు. నిజం చెప్పు. ఎప్పటి నుంచి? ఎక్కడ పడ్డావు? దెబ్బ తగిలిందా? డాక్టరు ఏ మోతాదు రాశాడు?

మూర్ఛ సిగ్గుపడే జబ్బు కాదు. నా దగ్గర ఆ మాత్రలు తీసుకునేవాళ్ళలో డ్రాయింగు మాస్టారున్నాడు, ఇద్దరు పిల్లల తల్లి ఉంది. ఇన్నేళ్ళుగా నిక్షేపంలా ఉన్నారు. ఒక్క పూట కూడా మానకూడదు, అంతే. గదికి లోపల గడియ పెట్టుకోకు. మెట్లు దిగేటప్పుడు చదువుకుంటూ దిగకు. అది జబ్బు లేకపోయినా చేయకూడని పని, నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. చెబితే మొదటి బస్సుకే వచ్చి నీ నెత్తిన కూర్చుంటుంది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు ఊ, ఊహూ తప్ప ఏమీ అనవు. కాగితం మీదే నీకు నోరొస్తుంది.

నీలం గీత పెట్టెలు ఆరు ఉన్నాయి. వేరే కొట్టుకి పంపడమేమిటి, నా వాళ్ళకే సరిపోవు. నెలకి సరిపడా పెట్టె మొత్తం కొనేవాళ్ళు ఇక్కడెవరూ లేరు. పదో, పదిహేనో కోసిస్తాను. టై మామయ్య మొన్న గోడౌన్ నుంచి సరుకు తెచ్చినప్పుడు నిన్ను అడిగాడు. ఇరవై ఏళ్ళుగా అదే మెరూన్ టై. ముడి విప్పడం రాక తల మీంచి తీసేస్తాడని నా అనుమానం.

నీకు ఒక పెట్టె విడిగా దాచి ఉంచాను. చీటీ పంపు. మేనకోడలివైనా చీటీ లేకుండా ఇవ్వను.

అత్తయ్య


జూన్ 12

అత్తయ్యా,

నాకే జబ్బూ లేదు. నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. దాచిన పెట్టె అరలో పెట్టేయి. ముందే సూటిగా రాయాల్సింది.

ఇక్కడ నేను చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. 'కంప్యూటర్ పని' అంటే నువ్వూ సరిపెట్టుకున్నావు. మందుపెట్టె నీకు రాగానే దాని మీది గళ్ళ గుర్తుకి ఫోన్ చూపించి 'చేరింది' అని నొక్కుతావు కదా. ఆ నొక్కుడు వచ్చి పడేది మా దగ్గరికే. దాన్ని బ్లాక్‌చెయిన్ అంటారు. పేరు పెద్దది, సంగతి చిన్నది. ఒకే నోటుపుస్తకం అందరి దగ్గరా ఉందనుకో. మందు తయారుచేసే కంపెనీలో ఒకటి, టై మామయ్య వాళ్ళ గోడౌన్లో ఒకటి, నీ దగ్గర ఒకటి, మా దగ్గర ఒకటి. పెట్టె చేతులు మారినప్పుడల్లా అన్ని పుస్తకాల్లోనూ ఒక వరస పడుతుంది. ఎవరైనా వెనక్కి వెళ్ళి తమ పుస్తకంలో వరస మార్చబోతే మిగతావి ఒప్పుకోవు. దొంగ మందు మధ్యలో దూరితే వెంటనే బయటపడాలని ఈ ఏర్పాటు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు చాలా దూరంలో ఒక ఊళ్ళో ఒక టైలరు. ఒక్క పూట మానకుండా మాత్రలు వేసుకుంటున్నా, కుట్టు మిషన్ దగ్గరే మూర్ఛ వచ్చి పడిపోయాడు. సూది వేలిలో దిగి విరిగింది. అతని కూతురు అనుమానం వచ్చి పెట్టె మీది గుర్తుకి ఫోన్ చూపించింది. ఆ పెట్టె ఇంకా నీ కొట్లోనే ఉన్నట్టు వచ్చింది. మాత్రలు పరీక్ష చేయిస్తే సుద్ద తప్ప ఏమీ లేదు. అక్కడి కొట్టు వెతికితే అలాంటి పెట్టెలు నలభై ఒకటి దొరికాయి. పెట్టెలు అసలైనవే. లోపలి పట్టీలు దొంగవి. పుస్తకం ప్రకారం నలభై ఒకటీ నీ దగ్గర ఉండాల్సినవి.

అనుమానం ఉన్నట్టు పుస్తకంలో నీ కొట్టు పేరు మీద ఎర్ర గుర్తు పడింది. పడితే మందుల ఇన్‌స్పెక్టరు రావడం ఖాయం. నువ్వు తప్పు చేయవని నాకు తెలుసు. కానీ గడువు దాటిన సరుకు వెనక్కి తీసుకెళ్ళేది టై మామయ్యే కదా. ఆయన మీద నీకెప్పుడూ అనుమానం రాలేదా? బాగా ఆలోచించి రాయి. మొహమాటానికి పోయి ఎవరినీ కాపాడాలని చూడకు.

నీ మేనకోడలు


జూన్ 19

గౌరవనీయులైన మేడమ్ గారికి,

మీ ఉత్తరం, ఇన్‌స్పెక్టరు గారు ఒకే ఉదయం వచ్చారు. ముందు వచ్చింది ఆయనే.

నీలం గీత పెట్టెలు ఆరూ లెక్కపెట్టి, మిగిలినవి ఏమయ్యాయని అడిగారు. కోసి అమ్మానని రిజిస్టరు చూపించాను. ఏ తేదీన ఎవరికి ఎన్ని మాత్రలో అన్నీ ఉన్నాయి. ఆయన మర్యాదస్తుడే. "కోసి అమ్మినట్టు మీరు రాసుకున్నారు, కొన్నవాళ్ళు రాయలేదు కదమ్మా" అన్నారు. ఆ అల్మారాకి తాళం వేసి సీలు వేశారు. నెలలోపు సంజాయిషీ ఇవ్వాలట. నచ్చకపోతే లైసెన్సు రద్దు. ఆ సీలు కనబడకుండా దాని మీద క్యాలెండరు తగిలించాను.

మధ్యాహ్నం డ్రాయింగు మాస్టారు మాత్రల కోసం వచ్చారు. అవతలి వీధి కొట్లో తీసుకోమన్నాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. ఎందుకని ఆయన అడగలేదు. క్యాలెండరు కింద నుంచి సీలు తోక బయటికి వేలాడుతోందని ఆయన వెళ్ళాక చూసుకున్నాను.

మొహమాటానికి పోయి ఎవరినీ కాపాడవద్దని సెలవిచ్చారు. మీరు తొమ్మిదేళ్ళ వయసులో టైఫాయిడ్‌తో పడుకున్నప్పుడు ఊరు ఊరంతా మోకాళ్ళ లోతు నీళ్ళు. బండి రాకపోతే ఇంజక్షన్ల పెట్టె నెత్తిన పెట్టుకుని గోడౌన్ నుంచి నడిచి వచ్చిన మనిషికి మెడలో మెరూన్ టై ఉంది. మీకు గుర్తుండకపోవచ్చు. అప్పుడు మీరు మేడమ్ కాదు.

మీ పుస్తకంలో ఎవరూ వరస మార్చలేరని రాశారు. కావచ్చు. దానికి నేనెవరో కూడా తెలియదు. మీకు తెలుసనుకున్నాను.

ఇట్లు,
ఎర్ర గుర్తు కొట్టు యజమానురాలు

తా.క. ఆ టైలరుకి ఇప్పుడెలా ఉంది? వేలు వంగుతోందా? అసలు మందు అందిందా? అది మాత్రం రాయండి.


జూన్ 23

అత్తయ్యా,

వేలు వంగుతోందట. కత్తెర పట్టుకోగలుగుతున్నాడని కూతురు రాసింది. అసలు మందు అందింది. మళ్ళీ మూర్ఛ రాలేదు.

నన్ను మీరు అనకు. నీ ఉత్తరం ఆఫీసుకి తీసుకెళ్ళాను, బయటికి తీయలేకపోయాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం గదిలో పుస్తకాలు దులుపుతుంటే ఒకదానిలో పేజీ గుర్తుగా పెట్టుకున్న మందుపెట్టె మూత దొరికింది. దాని మీద పెన్సిలుతో '78' అని ఉంది. నా లైబ్రరీ గుర్తుందా? ఖాళీ పెట్టెలు నూట పన్నెండు వరసగా నిలబెట్టి, ఒక్కోదాని పక్కన ఒక్కో పుస్తకం పేరు రాశాను. దగ్గు మందు పెట్టెలన్నీ కథలు, కళ్ళ చుక్కల పెట్టెలన్నీ కవిత్వం. నువ్వు సభ్యత్వం తీసుకున్నావు. తీసుకెళ్ళిన 'పుస్తకం' మూడు రోజులు ఆలస్యంగా తెచ్చావని నీకు చప్పరించే బిళ్ళ జరిమానా వేశాను. నువ్వు సీసాలోంచి తీసి బుద్ధిగా కట్టావు. ఆస్పత్రి నుంచి వచ్చిన అమ్మ అది చూసి, ఇద్దరిలో చిన్నపిల్ల ఎవరని అడిగింది.

ఆ మూత అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. మిగతా కొట్లలో ఖాళీ పెట్టెని రెండుగా చింపి చెత్తలో వేస్తారు. నువ్వెప్పుడూ చింపేదానివి కాదు. మూతలు మూసి, మందు ఉన్నప్పటిలాగే పేర్చేదానివి.

మా పుస్తకంలో పెట్టె 'చేరింది' అనే వరస ఉంది. 'అయిపోయింది' అనే వరస లేదు. మాకెవరికీ తట్టలేదు. నువ్వు చివరి మాత్ర కోసిచ్చేశాక కూడా ఆ పెట్టె మా దృష్టిలో నిండుగా నీ అరలోనే ఉంటుంది. దాన్ని ఎవరైనా పట్టుకెళ్ళి సుద్ద మాత్రలు నింపితే, పెట్టె అసలుదే, గుర్తు అసలుదే.

అత్తయ్యా, ఖాళీ పెట్టెలు ఇప్పుడు ఏం చేస్తున్నావు?

నీ
లైబ్రేరియన్


జూన్ 28

కోడలా,

ఇంకా కోపం పోలేదు. కానీ నీ ఉత్తరం చదివాక నీ ఎత్తు పీట లాక్కుని దాని మీద కూర్చుండిపోయాను. ఇద్దరు వచ్చి, నన్ను చూసి, తర్వాత వస్తామని వెళ్ళిపోయారు.

పెట్టెలు చింపవద్దని నాకు చెప్పిందెవరో తెలుసా? నువ్వే. రెండో తరగతి. నేను ఒకటి చింపుతుంటే చేయి పట్టుకుని, "లోపల ఏం లేకపోయినా పైన పేరుంది కదా అత్తయ్యా" అన్నావు. ఎవరితోనూ పది మాటలు మాట్లాడని పిల్లవి, అంత పొడుగు వాక్యం అన్నావని మీ అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ రోజు నుంచి ఒక్క పెట్టె చింపలేదు. నువ్వు చదువుకి వెళ్ళిపోయాక కూడా చేయి రాలేదు. వెనక గదిలో పేరుస్తూ పోయాను. సెలవులకి వచ్చినప్పుడు చూసి నవ్వుతావని. నువ్వు వచ్చావు, వెనక గదిలోకి వెళ్ళలేదు. పెద్దదానివయ్యావు కదా.

రెండేళ్ళ కిందట ఒకతను తలనొప్పి మాత్ర కోసం వచ్చి, తెరిచిన తలుపులోంచి ఆ పెట్టెలు చూశాడు. మెత్తగా మాట్లాడే మనిషి. బడిలో పిల్లల చేత బొమ్మలు చేయిస్తానని, ఖాళీ పెట్టెలు ఇవ్వగలరా అని అడిగాడు. నలిగినవి వద్దన్నాడు. మూత కాస్త చిరిగితే పక్కన పెట్టేవాడు. పిల్లలకి మంచివే ఇవ్వాలి కదా అని నేనూ ఏరి ఇచ్చేదాన్ని. నెలనెలా మొదటి మంగళవారం వస్తాడు. బొమ్మల మాస్టారు అని పేరు కూడా పెట్టుకున్నాను. ఖాళీ పెట్టెలకీ ఒకరున్నారని సంతోషపడి, దారంతో కట్టి మరీ చేతికిచ్చానే.

ఏ బడి అని ఒక్కసారి అడగలేదు. దగ్గు మందుకి కూడా చీటీ చూపించమనే మనిషిని, పెట్టెలకి ఏమీ అడగలేదు.

టై మామయ్యకి నీ అనుమానం సంగతి చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత సరుకు దించి, కాగితం మీద సంతకం తీసుకుని వెళ్ళేదాకా నవ్వలేదు.

ఇన్‌స్పెక్టరు గారికి అన్నీ రాసి ఇచ్చాను. మాటకి ఆధారం కావాలంటారు. మొదటి మంగళవారం దాకా ఆగుదామన్నారు.

అత్తయ్య


జులై 8

కోడలు పిల్లా,

నిన్న మంగళవారం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇన్‌స్పెక్టరు గారు పొద్దున్నే వచ్చి వెనక గదిలో కూర్చున్నారు. తోడుగా ఉంటానని టై మామయ్య తనంతట తానే వచ్చి, కొనేవాడిలా బెంచీ మీద కూర్చున్నాడు. గుర్తుపట్టకుండా ఉండాలని టై తీసేశాడు. ఆయన్ని టై లేకుండా చూడటం అదే మొదలు. మెడ వేరే ఎవరిదో తెచ్చి పెట్టుకున్నట్టుంది. నాకు భయంలో కూడా నవ్వు ఆగలేదు. "నవ్వితే వెళ్ళి కట్టుకొచ్చేస్తాను" అని గొణిగాడు.

పదకొండు దాటాక బొమ్మల మాస్టారు వచ్చాడు. ఎప్పటిలాగే అమ్మా, బాగున్నారా అన్నాడు. అల్మారా సీలు క్యాలెండరు వెనక ఉంది, చూడలేదు. పెట్టెల కట్ట తెచ్చి కౌంటరు మీద పెట్టాను. కావాలనే దారం విప్పి మళ్ళీ కడుతూ, పిల్లలు ఎన్నో తరగతి అని అడిగాను. అన్ని తరగతులూ అన్నాడు. ముడి నిజంగానే పడలేదు.

"రెండేళ్ళయింది మాస్టారూ, పిల్లలు చేసిన బొమ్మ ఒక్కటైనా తెచ్చి చూపించలేదేం?" అన్నాను.

"ఈసారి తప్పకుండా తెస్తానమ్మా" అన్నాడు.

అతను కట్ట చేతిలోకి తీసుకోగానే ఇన్‌స్పెక్టరు గారు బయటికి వచ్చారు. పరుగెత్తుతాడనుకున్నాను. పరుగెత్తలేదు. కట్టని మెల్లగా కౌంటరు మీద పెట్టేశాడు, ఒక్క పెట్టె కూడా నలగకుండా. నాకు అన్నిటికంటే అదే భయమేసింది.

వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు. చూస్తే ఏం చేసేదాన్నో తెలియదు. ప్రతిసారీ నేను మంచినీళ్ళిచ్చిన మనిషి కదా.

నిన్న సాయంత్రం వెనక గదిలో మిగిలిన పెట్టెలన్నీ అడ్డంగా చింపాను. మొదటిది చింపడానికి చాలాసేపు పట్టింది. తర్వాత అలవాటైపోయింది. అడుగున నీ పెన్సిలు అంకెలున్నవి ఓ పదిహేను దొరికాయి. అవి పాత పెట్టెలు, గళ్ళ గుర్తు లేని రోజులవి. వాటి జోలికి వెళ్ళలేదు.

ఇక లైసెన్సు సంగతి తేలాలి. ఇంకోటి అడగాలి. మీ పుస్తకంలో నా కొట్టు మీదున్న ఎర్ర గుర్తు ఎప్పుడు చెరుపుతారు?

అత్తయ్య


జులై 15

అత్తయ్యా,

లైసెన్సు అలాగే ఉంటుంది. ఆ కాగితం రేపో ఎల్లుండో నీకు వస్తుంది, మా దగ్గరికి ఈ ఉదయం వచ్చింది. నీ బొమ్మల మాస్టారు చెప్పిన చోట వెతికితే ఒక షెడ్డులో పట్టీలు నొక్కే మిషను, సుద్ద బస్తాలు దొరికాయట. పెట్టెలు నీ ఒక్కదాని దగ్గరే కాదు, ఇంకో ఏడు కొట్లలో తీసుకున్నాడు. అన్నీ పెట్టెలు చింపని కొట్లే. ఆ ఏడింటికీ గుర్తు పడకముందే కబురు వెళ్ళింది. డ్రాయింగు మాస్టారుకి నువ్వే స్వయంగా చెప్పు, మాత్రలకి మళ్ళీ నీ దగ్గరికే రమ్మని.

సోమవారం ఆఫీసులో అందరి ముందూ నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. అందరూ చూస్తుంటే సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 'పెట్టె ఖాళీ అయ్యాక?' అని రాసి కూర్చున్నాను. ఆ మూడు మాటల మీద వాళ్ళు రెండు గంటలు మాట్లాడుకున్నారు. వచ్చే నెల నుంచి నీ ఫోన్లో కొత్త వరస వస్తుంది. చివరి మాత్ర ఇచ్చేశాక పెట్టెకి ఫోన్ చూపిస్తే, 'పెట్టె చింపారా?' అని అడుగుతుంది. అవునంటే ఆ పెట్టె అక్కడితో ముగిసినట్టు అన్ని పుస్తకాల్లోనూ పడుతుంది. తర్వాత ఎక్కడ కనిపించినా దొంగదే. ఆ ప్రశ్నలోని మాటలు నేను రాసినవి.

టై మామయ్యకి విడిగా ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చింపి రాశాను. వానలో ఇంజక్షన్లు తెచ్చిన రోజు నాకు బాగానే గుర్తుంది. ఆయన టైలోంచి నీళ్ళు కారుతుంటే నువ్వు పిండి, పంకా కింద కుర్చీ మీద ఆరేశావు. ఆరేదాకా ఆయన నా మంచం పక్కన కూర్చుని బైండు లేని కథల పుస్తకం చదివి వినిపించాడు. రాక్షసుడి మాటలు కూడా లెక్కలు చదివినట్టే చదివాడు. అది గుర్తుండి కూడా నీకు ఆ మాట రాశాను. ఎందుకు రాశానని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు, నీ మీద పడకుండా ఇంకెవరి మీదైనా పడితే బాగుండునని రాశాను.

ఎర్ర గుర్తు చెరపడానికి లేదు అత్తయ్యా. ఒకసారి పడిన వరస ఎవరూ తీయలేకపోవడమే ఆ పుస్తకానికున్న బలం. నేనూ తీయలేను. దాని కింద ఇంకో వరస పడింది, 'విచారణ పూర్తయింది, కొట్టు తప్పు లేదు' అని, తేదీతో సహా. నీ కొట్టు పేరు తెరిచినవాళ్ళకి ఇకపై రెండూ కలిసే కనిపిస్తాయి.

వచ్చే నెల నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఈసారి వెనక గదిలోకి వస్తాను. ఆ పదిహేనూ అలాగే ఉంచు.

నీ మేనకోడలు

సంతకం చేసేశాక ఇది రాస్తున్నాను. ప్రతి వరస పక్కనా అది ఎవరు పెట్టారో కూడా ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఇన్‌స్పెక్టరు గారు నీకు చూపిస్తారు, అంతకంటే ముందు నేనే చెప్పాలి. జూన్ రెండున ఆ ఎర్ర గుర్తు పెట్టింది నేను. కొట్టు పేరు చదివాకే పెట్టాను.